బాసర సీటుకు పదో తరగతి మార్కులే చాలా, పరీక్ష పెట్టాలా? ఆ 0.4 సంగతేంది?

హన్మకొండ నాన్న:
మా వాడు పదో తరగతి. బాసర ట్రిపుల్ ఐటీకి అప్లికేషన్ పెట్టిద్దామని ఇంట్ల అందరి ఆశ. తెలువనోళ్ళకు రెండు ముక్కల్ల చెప్త. నిర్మల్ జిల్లా బాసరల ఆర్జీయూకేటీని (ఈ ట్రిపుల్ ఐటీ అసలు పేరు అదే) 2008ల పెట్టిండ్రు. పది పాసు కాంగనే తీసుకుంటరు. ఆరేండ్ల చదువు: మొదటి రెండేండ్లు ఇంటర్‌కు బదులు పీయూసీ, తర్వాత నాలుగేండ్లు బీటెక్. ఎంట్రెన్స్ లేదు, పదో తరగతిల ఏమొచ్చిందో అదే కొలత. సర్కారు బడిల చదివినోళ్ళకు జీపీఏ (అన్ని సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల సగటు) మీద 0.4 కలుపుడు గ్రేడ్ల కాలం నుంచి ఉన్నది. డిప్రైవేషన్ స్కోర్ అంటరు దాన్ని.

నేను బట్టల షాపుల గుమస్తా. కడుపు కట్టుకొని ప్రైవేటు బడి ఫీజు కట్టిన. ఫీజు కట్టినంత మాత్రాన నేను ఉన్నోణ్ణి అయిపోయిన్నా? అందరికీ ఒక్కటే పరీక్ష పెట్టి, రాసినోనికి సీటు ఇస్తే గొడవే ఉండదు కదా. కోపంతోని కాదు, నిజంగనే అడుగుతున్న. మీరేమంటరు?

ఖానాపూర్ లెక్కల సార్:
అన్నా, ముందుగాల ఆ 0.4 ఎంత పని చేస్తదో కాగితం మీద చూద్దాం. 2025కు ముందు, మెమో మీద గ్రేడ్లే ఉన్న కాలం లెక్క ఇది. ఆరు సబ్జెక్టులు. 91 నుంచి పైన వస్తే ఏ1, పది పాయింట్లు. 81 నుంచి 90 దాక ఏ2, తొమ్మిది పాయింట్లు. (రెండో భాషకు గీతలు కొంచెం వేరు, అది పక్కన పెడదాం.)

సర్కారు బడి పిల్లకు రెండు సబ్జెక్టుల్ల ఏ2 వచ్చిందనుకో. మొత్తం 58, ఆరుతోని భాగిస్తే 9.7. 0.4 కలిపితే 10.1. అంటే ప్రైవేటుల పదికి పది తెచ్చుకున్నోని కంటే ముందు నిలబడ్డది. అదే పిల్లకు మూడు సబ్జెక్టుల్ల ఏ2 వస్తే 57, అంటే 9.5. కలిపితే 9.9. వెనకబడ్డది. ఇంత లొల్లి జరిగేది ఆ రెండు ఏ2ల మీదనే!

ఆ రెండు ఏ2లు ఎక్కడ వస్తయో ఏ సర్కారు బడి టీచర్‌నైనా అడుగుండ్రి. ఏ సబ్జెక్టుకు పోస్టు ఖాళీగ ఉందో ఆ సబ్జెక్టుల వస్తయి. నేను పని చేసిన ఒక బడిల సైన్సు సారు బదిలీ మీద పోతే ఏడాదంతా ఎవ్వరూ రాలే. లెక్కలోణ్ణి, నేనే ఫిజిక్స్ చెప్పిన. బయాలజీ పిల్లలే చదువుకున్నరు. ఆ ఏడు మా బడిల మొదటి పిల్లకు సైన్సుల 88 వచ్చినయి. ఆ 88ని, నలుగురు సార్లున్న బడిల వచ్చిన 95ని ఒక్క త్రాసుల ఎట్ల తూస్తరు?

ఇంకో సంగతి. ఇద్దరికీ సమానంగ వస్తే మొదట లెక్కల గ్రేడు చూస్తరు, తర్వాత సైన్సు, ఇంగ్లీషు, సోషల్, మొదటి భాష. పదికి పది ఉన్నోళ్ళకు ఇవన్నీ పదులే కదా! అప్పుడిగ వయసు. ముందు పుట్టినోళ్ళకు సీటు. అదీ సమానమైతే హాల్ టికెట్ నంబరు నుంచి తీసిన ర్యాండమ్ నంబరు. గ్రేడ్ల కాలంల ప్రైవేటు పిల్లల సీట్లు పోయింది సర్కారు పిల్లల వల్లనే అనుకునుడు తప్పు. వాళ్ళల్ల వాళ్ళకే పుట్టిన తేదీ కాడ తెగింది. 2025 నుంచి మెమో మీద మళ్ళీ మార్కులు వస్తున్నయి కాబట్టి ఈ బాధ కొంత తగ్గింది.

నయీంనగర్ ఫిజిక్స్:
నేను కోచింగ్ సెంటర్ల చెప్త. పరీక్ష పెడితే నా పొట్ట నిండుతది, అది ముందే ఒప్పుకుంట. అయినా సార్ లెక్కల ఒక బొక్క ఉన్నది. పదో తరగతిల సబ్జెక్టుకు 80 మార్కులే రాత పరీక్ష. 20 ఇంటర్నల్స్, అవి బడి వాళ్ళే వేస్తరు. నా దగ్గరికి వచ్చే పిల్లలు మెమోలు చూపిస్తరు. ప్రైవేటోళ్ళవి తిప్పి చూస్తే ఆ గడిల 20, 20, 20 అని వరుసగ. ప్రాజెక్టు చేసిన్నావురా అంటే నవ్వుతరు. సర్కారు బడి సార్లు చాలామంది నిజాయితీగ 17, 18 వేస్తరు. మార్కులనే కొలత అంటే, దొంగ మార్కులు వేసినోని పిల్లలకు లాభం చేసినట్టే.

పరీక్ష పెట్టుడు కొత్త కూడ కాదు. 2021ల కరోనాతోని పదో తరగతి పరీక్షలు రద్దయితే బాసర సీట్లు పాలిసెట్ ర్యాంకులతోనే ఇచ్చిండ్రు. పాలిసెట్ అంటే పాలిటెక్నిక్ ఎంట్రెన్స్, పదో తరగతి సిలబసే: లెక్కలు 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. ఎంసెట్ల ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుండె, 2023ల దాన్ని పూర్తిగ తీసేసిండ్రు. బోర్డుకో తీరుగ మార్కులు వేస్తరనే కదా.

ఖానాపూర్ లెక్కల సార్:
ఇంటర్నల్స్ మాట నిజం, దానికి నా దగ్గర అడ్డం లేదు. తీసేయాలంటే నేను చెయ్యెత్తుత. కానీ తమ్మీ, మన వరంగల్ ఎన్ఐటీల కూడ జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు. పన్నెండో తరగతిల 75 శాతం ఉండాలె, లేకుంటే తన బోర్డుల పై 20 పర్సెంటైల్‌ల ఉండాలె. ఆ రెండో షరతు చూడుండ్రి: ఎవని బోర్డుల వాని స్థానం ఏందని అడుగుతుంది. బోర్డు కాడ అడిగింది బడి కాడ ఎందుకు అడగొద్దు?

డల్లాస్ కరీంనగరోడు:
సార్ చెప్పింది ఇక్కడ టెక్సస్‌ల చట్టమే. 1997ల చేసిండ్రు. ఏ హైస్కూలైనా సరే, ఆ స్కూల్ల మొదటి 10 శాతంల ఉన్న పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల సీటు ఖాయం. మెక్సికో సరిహద్దు పక్కన చిన్న ఊరి బడి అయినా, డల్లాస్ శివార్ల పెద్ద పెద్ద ఇండ్ల నడుమ ఉన్న బడి అయినా ఒకటే లెక్క. ఆస్టిన్ యూనివర్సిటీల ఈ లెక్కతోనే సీట్లన్నీ నిండుతున్నయని 2009ల చట్టం మార్చి, ఫస్టియర్ సీట్లల్ల 75 శాతానికి హద్దు పెట్టిండ్రు. ఇప్పుడు ఆస్టిన్‌కు పది శాతం చాలదు, అయిదారు శాతంల ఉండాలె.

మా తెలుగోళ్ళు ఎక్కడ కూసున్నా ఇదే గోస. మంచి స్కూలని ఎక్కువ ధర పెట్టి ఇల్లు కొంటరు, ఆ స్కూల్ల అందరూ మనసొంటోళ్ళే, పిల్లడు పన్నెండో శాతం కాడ ఆగిపోతడు. చిన్న ఊర్ల ఉంటే ఫస్టు వస్తుండెనని మళ్ళ ఏడుపు. హన్మకొండ అన్న బాధ ఇక్కడ డాలర్లల్ల ఉంటది, అంతే తేడా.

హన్మకొండ నాన్న:
నవ్వొచ్చింది తమ్మీ. అయితే ఒకటి చెప్పు, ఆ లెక్కన మా వాడు వాని బడిల ముగ్గురిల ఒకడు. బడిల స్థానం చూస్తమంటే నాకు అభ్యంతరం లేదు. ప్రైవేటు అనే పేరు చూసి పక్కకు పెట్టుడు మీదనే నా లొల్లి.

పాత పీయూసీ:
నేను 0.4 తోనే బాసర పోయిన. మాది ఆదిలాబాద్ దిక్కు పల్లె, పది దాక తెలుగు మీడియం. మొదటి సెమిస్టర్ల క్లాసుల సారు జోక్ చేస్తే అందరూ నవ్వినంక నేను నవ్వేది. నోట్సుల సగం స్పెల్లింగులు తప్పు. రూమ్‌ల హైదరాబాద్ ప్రైవేటు బడి నుంచి వచ్చినోడు ఉంటుండె. వాడు నాకు ఇంగ్లీషు వాక్యాలు విప్పి చెప్పేది, నేను వానికి జామెట్రీ. రెండో ఏడుకు ఇద్దరికీ పెద్ద తేడా లేకుండె.

కోచింగ్ అన్నకు ఒకటే చెప్త. పదిహేనేండ్ల పోరగానికి పరీక్ష పెడితే అప్పటి దాక ఎవరు నేర్పిండ్రో బయటపడతది. ఈడ ముందట ఆరేండ్లు ఉన్నయి. పీయూసీ రెండేండ్లు పెట్టిందే ఆ లోటు పూడ్చనీకి. నాతోని పదికి పది తెచ్చుకొని వచ్చినోళ్ళల్ల ఇద్దరు ముగ్గురు లెక్కల్ల బోర్లపడ్డది కూడ చూసిన. బట్టీ పట్టిన 10 ఎన్ని రోజులు నడుస్తది?

నయీంనగర్ ఫిజిక్స్:
తమ్మీ, నువ్వు గెలిచినవ్ కాబట్టి చెప్తున్నవ్. బ్యాక్‌లాగులల్ల పడి నలిగినోడు ఈడికొచ్చి రాయడు.

పాత పీయూసీ:
అది నిజమే అన్నా. కానీ వాళ్ళల్ల ప్రైవేటోళ్ళు లేరా?

ములుగు గురుకులం అక్క:
అందరూ ప్రైవేటు, సర్కారు అని రెండే రంగులు వేస్తున్నరు. ఆ 0.4 నాన్ రెసిడెన్షియల్ సర్కారు బడులకే. మా చెల్లె గురుకులంల పది. మా అమ్మ, నాన్న మిరపకాయ ఏరబోతరు, సీజన్ల ఇంటి తాళం పొద్దుగూకినంకనే తీసేది. మా చెల్లెది కూడ సర్కారు బడే, ఫీజు లేదు. అయినా ఆమెకు 0.4 లేదు. ఊర్ల జిల్లా పరిషత్ బడిల రెండెకరాల ఆసామి బిడ్డకు ఉన్నది. ఇది ఏ లెక్క సార్?

ఖానాపూర్ లెక్కల సార్:
అక్కా, రూల్ పెట్టినోళ్ళ ఆలోచన ఏందంటే, గురుకులంల మూడు పూటల తిండి, పొద్దున సాయంత్రం స్టడీ అవర్, సార్లు క్యాంపస్‌లనే ఉంటరు, కాబట్టి లోటు తక్కువ అని. అది కొంత ఖరే. అందుకే నేను అనేది, 0.4 లాంటి ఒక్క అంకె అందరికీ అతికించకుండ, ఎవరి బడిల వాళ్ళ స్థానం చూడాలె అని.

ములుగు గురుకులం అక్క:
మీరన్నట్టు బడిల స్థానం చూస్తే మా చెల్లె ఇంకా మునుగుతది సార్. గురుకులంల అయిదో తరగతికే ఎంట్రెన్స్ రాసి వస్తరు. ఆమె క్లాసుల ఉన్నోళ్ళందరూ వాళ్ళ వాళ్ళ ఊర్లల్ల ఫస్టు వచ్చినోళ్ళే. ఊరి బడిల ఉంటే ఆమె మొదటి పిల్ల. ఇక్కడ ఇరవయ్యో పిల్ల. మంచి బడికి పోయినందుకు శిక్షనా?

నయీంనగర్ ఫిజిక్స్:
ఇగో, గందుకే అందరికీ ఒక్క పరీక్ష అంటున్న.

ములుగు గురుకులం అక్క:
పరీక్షనా అన్నా? మా చెల్లెకు పదేండ్ల వయసులనే పెట్టిండ్రు, రాసింది, పాసయింది. సర్కారు బడి అన్నంక అందరికీ ఇయ్యుండ్రి, గురుకులాలకు 0.4 కాకుంటే 0.2 అన్న ఇయ్యుండ్రి. దానికి ఎవలకన్న అభ్యంతరం ఉంటే చెప్పుండ్రి, వింట.