అప్‌డేట్: ‘సున్నా ప్రమాదాలు’ టార్గెట్ తీసేశాం

గోడ మీద రాసే విలువా, హెచ్‌ఆర్ పెట్టే టార్గెటూ ఒకటేనా అని కొన్ని నెలల క్రితం ఇక్కడ అడిగాను, గుర్తుందా? మా ఫ్యాక్టరీ గేటు మీద ‘భద్రతే మా మొదటి విలువ’ అని ఉంటుంది. మా హెచ్‌ఆర్ టార్గెట్ మాత్రం ‘ఏడాదికి సున్నా ప్రమాదాలు’, దానికి ముడిపెట్టిన బోనస్. రెండూ ఒకటేగా అని మా సార్ వాదన.

మీలో ఒకరు ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్ చూడమన్నారు. చూశాను. ఆరు నెలల్లో ఒకే ఒక్క ఎంట్రీ. బర్నాల్, కట్టుగుడ్డ బిల్లులు మాత్రం నెలనెలా వస్తున్నాయి! చెయ్యి కాలినా, అందరి బోనస్ పోతుందని చెప్పకుండా దాచేస్తున్నారన్నమాట. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాక సార్ ఏమీ మాట్లాడలేదు. 1987లో అల్కోవా అల్యూమినియం కంపెనీ పగ్గాలు పట్టిన పాల్ ఓనీల్ లాభాలకన్నా ముందు కార్మికుల భద్రత గురించే మాట్లాడారని కూడా చెప్పాను. కానీ సార్‌ని కదిలించింది బర్నాల్ బిల్లే.

ఇప్పుడు లెక్క వేరు: చిన్న గాయాలు, తృటిలో తప్పినవి ఎన్ని చెప్పారు, వాటిలో ఎన్ని వారంలో సరిచేశాం. తొలి నెల 14 వచ్చాయి. ‘ప్రమాదాలు పెరిగాయేంటి?’ అని హెడ్డాఫీసు నుంచి టెన్షన్‌గా ఫోను! సూపర్‌వైజర్ల ప్రమోషన్ షీటులో ఇంకా ఉత్పత్తి టన్నులే ఉన్నాయి. ఆ పంచాయితీ ఏప్రిల్‌లో.