సద్దుల బతుకమ్మకు అమ్మతో హనుమకొండ వస్తున్నాం, కాస్త చెప్పండి

పల్నాటి అమ్మాయి:
మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాదులో. ఈసారి బతుకమ్మ ఆఖరి రోజు, అంటే సద్దులు, ఆదివారం పడ్డాయి కదా, సోమవారం కూడా సెలవు పెట్టేశాను. అమ్మ శుక్రవారం ఊరి నుంచి వస్తుంది. ఆ సాయంత్రమే బయల్దేరి రాత్రికి హనుమకొండ చేరాలని ప్లాన్. అక్కడ నా కొలీగ్ వాళ్ల ఇల్లుంది, వచ్చి ఉండమంటోంది. పండగపూట వాళ్లకెందుకు ఇబ్బంది అని రూమ్ బుక్ చేశాను. భద్రకాళి చెరువు, వేయి స్తంభాల గుడి, బతుకమ్మ మూడూ చూడాలి. బతుకమ్మ ఆడేది ఎక్కడ? ఎన్నింటికి వెళ్తే బాగుంటుంది?

ఇంకో మాట. అడగాలా వద్దా అనుకుంటూనే అడుగుతున్నాను. నిరుడు నాన్న పోయారు. అమ్మకు పూలంటే ప్రాణం. కానీ "నేను పక్కన కూర్చుని చూస్తాలే, నువ్వు ఆడుకో" అంటోంది. అక్కడెవరైనా ఏమైనా అంటారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

కాజీపేట ప్యాసింజర్:
ప్రయాణం సంగతి నేను చెప్తా, మిగతాది ఆడవాళ్లు చెప్తారు. దసరా సెలవుల్లో ఉప్పల్ నుంచి బస్సు వద్దమ్మా. రింగ్ రోడ్డు దగ్గరే గంట పోతుంది. సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగండి. చాలామంది వరంగల్ స్టేషన్ దాకా టికెట్ తీసుకుంటారు గానీ హనుమకొండకు కాజీపేటే దగ్గర. స్టేషన్ బయట షేర్ ఆటోలు దొరుకుతాయి. కారులో వస్తే మాత్రం ఆదివారం మధ్యాహ్నం నుంచి దాన్ని కదపకండి. బతుకమ్మ ఆడే పద్మాక్షి గుట్ట వైపు బండ్లు పోనివ్వరు, నడవాల్సిందే.

హన్మకొండ ఆడబిడ్డ:
ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను చెల్లీ, మిగతావి తర్వాత.

ఎవరూ ఏమీ అనరు అని చెప్పను. పసుపు గౌరమ్మ దగ్గర, వాయనాలు ఇచ్చుకునే దగ్గర వెనకాముందూ ఆడే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ చప్పట్లు కొడుతూ తిరిగే ఆ వలయంలో ఎవరి మెడ వైపూ ఎవరూ చూడరు. చూసే తీరిక ఉండదు, పక్కామె అడుగు తప్పితే మన కాలు తొక్కుతుంది. మా మామయ్య పోయిన ఏడు మా మేనత్త ఇంట్లోనే ఉండిపోయింది. మరుసటి ఏడు మా నానమ్మే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇప్పుడు మా వాడకట్టులో పాట ఎత్తుకునేది మేనత్తే. ఆమె "ఉయ్యాలో" అని గొంతు ఎత్తితే గాని మిగతావాళ్లకు ఊపు రాదు.

అయితే మీ అమ్మగారిని సాయంత్రం నేరుగా జనంలోకి తీసుకెళ్లి "ఆడమ్మా" అంటే ఆడరు. నేనైనా ఆడను. అందుకే ఆదివారం పొద్దున రూమ్‌లో కూర్చోకండి, మీ కొలీగ్ వాళ్లింటికి వెళ్లండి. ఇబ్బంది అనుకుంటున్నారు గానీ ఆ పూట ఏ ఇంట్లోనైనా చేతులు చాలవు. సాయంత్రం ఆట చూసి ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లకు సగం పండగ తెలియదు. పేర్చడం దగ్గరే అసలు సంగతంతా ఉంది.

గునుగు, తంగేడు ముందురోజే తెచ్చి పెట్టుకుంటారు. గునుగు తెల్లగా, కొస దగ్గర కొంచెం గులాబీగా ఉంటుంది. వానాకాలం పోతూ పోతూ చెలకల్లో వదిలిపెట్టి వెళ్లే కలుపు అది. కాడలు ఒక్క కొలతకు కత్తిరించి, చిన్న చిన్న కట్టలుగా దారంతో కట్టి, కొన్నిటిని రంగునీళ్లలో ముంచి ఆరేస్తారు. ఆ రంగు గోళ్ల సందుల్లోంచి దసరా దాకా పోదు. తర్వాత తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, బంతి ఒక వరస, కాడలు లోపలికి, పువ్వులు బయటికి వచ్చేలా గుండ్రంగా పేరుస్తూ పోతారు. మధ్యలో ఖాళీ మిగులుతుంది చూడండి, అందులో తెంపిన ఆకులూ కాడలూ గట్టిగా కూరాలి. అక్కడ బద్ధకిస్తే మూడడుగుల బతుకమ్మ గుమ్మం దాటకముందే ఒక పక్కకు ఒరుగుతుంది. మా ఇంట్లో ఆ కూరే పని ఎప్పుడూ పెద్దవాళ్లదే, పిల్లలను దగ్గరికి రానివ్వరు. మీ అమ్మగారికి ఆ చోటు ఇప్పించమని కొలీగ్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. పొద్దంతా తన చేత్తో పేర్చినదాని చుట్టూ సాయంత్రం తిరగకుండా ఎవరు మాత్రం ఉండగలరు?

పెద్దదాని పక్కన చిన్న పిల్ల బతుకమ్మను కూడా పెడతారు. అది మీరు చేయండి. వంకరగా వచ్చినా పిల్లదే కదా అని వదిలేస్తారు.

ఇక చోటు. సద్దులనాడు హనుమకొండలో అందరి దారీ పద్మాక్షి గుట్టకే. గుట్ట కింద గుండం, గట్టు మీద పూలకుప్పలు, వాటి చుట్టూ ఎన్ని వలయాలో. అయిదు దాటకముందే చేరుకోండి, తర్వాత తాంబాలం దించడానికి జాగా దొరకదు. చీకటిపడ్డాక ఒక్కొక్కటిగా నీళ్లలో వదులుతారు. అప్పుడు మెట్ల దగ్గర తొక్కిసలాట, జారుడు. అమ్మగారిని నీటిదాకా రానివ్వకండి. వదిలాక ఎవరూ వెంటనే ఇంటిదారి పట్టరు. అక్కడే కూర్చుని సద్దులు విప్పుతారు: రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద, నువ్వుల పొడి, పల్లీల పొడి, పెరుగన్నం, చింతపండు పులిహోర. తెలియని వాళ్లు కూడా "పట్టమ్మా" అని చేతిలో పెడతారు, మొహమాటపడకండి. నాకైతే ఆడిన దానికంటే ఆ మలీదే ఇష్టం.

పద్మాక్షి గుట్ట ఎక్కాలంటే శనివారం పొద్దున ఎక్కండి. రాతిమీద చెక్కిన జైన తీర్థంకరులు ఉంటారు, గుడి దగ్గర 12వ శతాబ్దపు శాసనస్తంభం ఉంది. పండగనాడు అవేవీ కనపడవు.

చెరువుగట్టు బ్యాచ్:
అక్క చెప్పినదాంట్లో ఒక్కటి ఒప్పుకోను. పద్మాక్షి దగ్గర ఇప్పుడు డీజే మోత ఎక్కువైంది, పాట పాడేవాళ్ల గొంతు వాళ్లకే వినపడదు. పెద్దావిడను తీసుకొస్తున్నారు కాబట్టి హసన్‌పర్తి వైపో, పర్వతగిరి వైపో ఏదైనా ఊరి చెరువుగట్టుకు వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. మైకు లేని ఆట అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

శనివారానికి నా సలహా: భద్రకాళి గుడికి తెల్లారేసరికి వెళ్లిపోండి. నవరాత్రుల్లో ఎనిమిది దాటితే క్యూ ఎక్కడో ఉంటుంది. దర్శనం అయ్యాక చెరువు బండ్ మీద నడవండి, ఎండ ఎక్కకముందే బాగుంటుంది. వేయి స్తంభాల గుడి సాయంత్రం చూడొచ్చు. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే గుడిలో మూడు గర్భగుళ్లు. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, మళ్లీ పేర్చి 2024లో తెరిచారు, అది తప్పక చూడండి. ఆ గుడి ముందు అసలు సందడి పెత్రమాసనాడు, అంటే మొదటి రోజు అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మకు. మీరు వచ్చేసరికి అది అయిపోయి ఉంటుంది.

హన్మకొండ ఆడబిడ్డ:
డీజే మాట నిజమే తమ్ముడూ. కానీ తెలిసిన ఇల్లు లేని ఊరిలో కొత్తవాళ్లు గట్టు మీద నిలబడితే చుట్టాలు కాక చూసేవాళ్లే అవుతారు. కొలీగ్ వాళ్లకు ఊళ్లో చుట్టాలుంటే మాత్రం నువ్వన్నదే మేలు.

పల్నాటి అమ్మాయి:
అక్కా, అందరికీ చాలా థాంక్స్. కొలీగ్‌కు ఫోన్ చేశాను. రూమ్ క్యాన్సిల్ చేయకపోతే మాట్లాడనంది, చేసేశాను. వాళ్లు పద్మాక్షి దగ్గరికే వెళ్తారట. అమ్మకు పూలు పేర్చే సంగతి మాత్రమే చెప్పాను, ఆట సంగతి ఎత్తలేదు. "గునుగంటే మన కోడిజుట్టు పువ్వులాంటిదేనా, ఎన్నిరోజులు వాడకుండా ఉంటుంది?" అని అడుగుతోంది. వట్టి చేతులతో వెళ్లనంటోంది కూడా. ఏం చేసి తీసుకురమ్మంటారు?

హన్మకొండ ఆడబిడ్డ:
గునుగు ఎండినా రాలదు, అందుకే అడుగున అదీ తంగేడూ వేస్తాం. కోడిజుట్టు పువ్వును మేం సీతజడ అంటాం, మీ ఊళ్లో ఉంటే నాలుగు కాడలు తడిగుడ్డలో చుట్టి తెమ్మనండి, పైవరసకు పనికొస్తాయి. వంట విషయానికొస్తే మలీద జోలికి మాత్రం పోవద్దు, అది వాళ్లే చేసుకుంటారు. పులిహోర చేయమనండి. మీవైపు ఇంగువ వేసి చేస్తారు కదా, గట్టు మీద గిన్నె ఖాళీ అవ్వడానికి ఎంతోసేపు పట్టదు.