అమ్మ ఓటు ఎవరి కోసం?

పత్తికొండ పిల్లోడు:
కర్నూల్లో రూము తీసుకొని డీఎస్సీకి, అంటే సర్కారు టీచరు పోస్టుల పరీక్షకు చదువుతున్నా. చాన్నాళ్లుగా లోపలే పెట్టుకున్న సంగతి ఒకటి ఇక్కడ అడుగుతున్నా. 2024 మే 13న ఓటేయడానికి ఊరికి పోయినా. 2018 నోటిఫికేషన్ తర్వాత అప్పటిదాకా మళ్లీ డీఎస్సీ జరగలేదు. ఎన్నికల ముందు, ఫిబ్రవరిలో 6,100 పోస్టులన్నారు, అదీ నిలిచిపోయింది. ఇంట్లో అందరికీ చెప్పినా, ఈసారి ప్రభుత్వం మారాల, నా బతుకు దీంట్లోనే ఉందని. అమ్మ తలూపింది. ఓటేసి వచ్చినాక అడిగితే, "ఫ్యానుకే వేసినా నాయనా, తమ్ముడికి అమ్మఒడి వస్తా ఉంది కదా" అనింది.

బిడ్డను బడికి పంపే అమ్మకు ఏడాదికిచ్చే ఆ పదమూడు వేలకు నా ఐదేళ్లు సరిపోయినాయా? ఇది ఓటు అమ్ముకోవడం కాదా? ప్రభుత్వం మారింది, 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగింది, నాకు రాలేదు. దానికి అమ్మను అనడంలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమెతో మనసిచ్చి మాట్లాడలేకున్నా.

బుధవారపేట వకీలు:
తమ్ముడూ, మీ అమ్మను తప్పుపట్టను. అయితే నీ కారణం, ఆమె కారణం రెండూ ఒక్క ఇంటి గడప దాటలేదు. నీకు ఉద్యోగం, ఆమెకు చిన్నోడి డబ్బు. మరి సీమ గురించి ఎవరు ఓటేయాల? కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకు రావాలని రాసుకున్నారు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు కర్నూలు రాజధానిగా ఉండింది, 1956లో అదీ పోయింది. 2020లో కర్నూలు న్యాయ రాజధాని అని చట్టం చేసినారు, 2022 మార్చిలో హైకోర్టు అది కుదరదనింది. 2024 నవంబరులో కర్నూల్లో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీలో తీర్మానం చేసినారు. ఎనభై ఏళ్లకు పైగా అడుగుతూనే ఉన్నాం. ఇంటింటికీ ఒక్కో సొంత కారణం ఉన్నంత కాలం మనల్ని ఎవరూ లెక్కచేయరు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. నేను వాళ్లను చూసి వేయలేదు, ఊరిని చూసి వేసినా.

కోసిగి అమ్మ:
నేను చెప్తా ఉంటే నా బిడ్డ టైపు చేస్తా ఉంది. తొమ్మిదో తరగతి. నేను ఆరులోనే ఆపేసినా.

పత్తికొండ నాయనా, మీ అమ్మ ఎట్ల ఆలోచించిందో నాకు తెలీదు. నేను కూడా ఆ రోజు ఫ్యానుకే వేసినా. ఎందుకు వేసినానో చెప్తా. అది అమ్ముకోవడమో కాదో విన్నాక నువ్వే చెప్పు.

మా పక్క సుగ్గికి పోవడమంటే ఏందో నీకు చెప్పాల్సిన పనిలేదు. వకీలన్న కోసం చెప్తా. దీపావళి దాటితే ఊర్లో పనుండదు. తుఫాను బండ్లు, అంటే పెద్ద జీపులు వస్తాయి. చట్టి, బియ్యం, పరదా, పిల్లోళ్లు అన్నీ దాంట్లోకే ఎక్కించుకొని గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపను పోతాం. తిరిగొచ్చేది ఉగాదికి. నాలుగు నెలలు చేను గట్టు మీదే కాపురం. నేను ఆరులో బడి మానేసింది అట్లనే. మా అమ్మ నన్ను తోలుకపోయింది, ఎందుకంటే ఇంట్లో విడిచిపెట్టి పోతే వండిపెట్టేవాళ్లు లేరు. వచ్చినాక సార్ రానిచ్చినాడు గానీ, నాలుగు నెలల పాఠాలు నాకు యాడ నుంచి వస్తాయి?

నా బిడ్డ మూడో తరగతిలో ఉన్నప్పుడు నేనూ అదే పని చేసినా. చేన్లో నా పక్క సాలులోనే అదీ తెంపుతా ఉండేది. తెలీక ఆ చేత్తో కన్ను నలుపుకునింది. రాత్రంతా ఏడుపు. చేతులు మజ్జిగలో ముంచినా మంట తగ్గలేదు. తడిగుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నా. నా చేతులూ మండుతానే ఉన్నాయి, బిడ్డను పట్టుకోను కూడా భయమే. ఈ మాట టైపు చేయనని అంటా ఉంది ఇప్పుడు. చెయ్యి మే అన్నా.

ఆ సుగ్గిలోనే, 2020 జనవరిలో, నా ఖాతాలో పదిహేను వేలు పడినాయి. మా ఇంటాయన ఖాతాలో కాదు, నా ఖాతాలో. నా పేరు మీద అంత డబ్బు అదే మొదలు. తర్వాత ఏండ్లలో పద్నాలుగు, పదమూడు అయింది, బడి పనులకని కోసినారు. ఇద్దరు బిడ్డలుంటే ఒక్కరికే ఇచ్చినారు, అది నాకు కష్టంగానే ఉండింది. అయినా 2021లో సుగ్గికి పోయేటప్పుడు ఇద్దర్నీ మా అత్త దగ్గర విడిచిపెట్టినా. నాలుగు నెలలకు బియ్యం, నూనె, పప్పు కొనిపెట్టి, ఆమె మాత్రలకు కూడా ఇచ్చి పోయినా. ఆ డబ్బు లేకుంటే మళ్లీ బండెక్కించేదాన్నే.

ఇంకోటి. బడికి వంద రోజుల్లో డెబ్బై ఐదు రోజులన్నా వస్తేనే డబ్బన్నారు. సుగ్గికి పోయే బిడ్డకు అంత హాజరు యాడ వస్తుంది? ఎవరి బిడ్డలు పోతారో వాళ్లకే డబ్బు రాదు. మా వీధిలో ముగ్గురికి అట్లనే పోయింది. దాని గురించి ఒక్క నాయకుడూ మాట్లాడలేదు. సుగ్గికి పోయినోళ్ల పిల్లోళ్లకు సీజనల్ హాస్టల్ పెడతామంటారు, అది తెరిచేలోపు బండి పోయుంటుంది.

ఓటు రోజు మా బావ లోపల ఏజెంటుగా కూర్చున్నాడు. మా ఇంట్లో అందరూ సైకిలని ఆయన లెక్క. ఎంపీకి ఒకటి, ఎమ్మెల్యేకు ఒకటి, రెండు మిషన్లు. నొక్కినా. పక్క పెట్టె అద్దంలో చీటీ వచ్చింది, అది ఏడు సెకన్లే ఉంటుందంట. నాకు మాత్రం చానాసేపు ఉన్నట్టే అనిపించింది. బావ నా మొహమే చూస్తా ఉన్నాడు. నాయనా, అమ్ముకునేవాళ్లకు ఆ గుండె దడ ఉండదు.

అనంతపురం బుడ్డల (వేరుశెనగ) రైతు:
అక్కా, మీ మాట నిజం. నేను సైకిలుకు వేసినా, నీళ్ల కోసం. 2012లో హంద్రీనీవా కాలువ నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకు వచ్చిన రోజు నా కొడుకును భుజాన ఎక్కించుకొని చూపించినా. వాడిప్పుడు బెంగళూరులో డెలివరీ పని చేస్తున్నాడు. నీళ్లు నా చేను దాకా వస్తే వాడు తిరిగొస్తాడు. ఇది సొంత కారణమా, సీమ కారణమా? నాకు రెండూ ఒకటే.

బుధవారపేట వకీలు:
అక్కా, మీ బాధ కాదనను. ఒకటి అడుగుతా, కోపగించుకోవద్దు. మీరు ఓటేసిన పార్టీకి అధికారం పోయింది. 2025 జూన్‌లో తల్లికి వందనమని కొత్త ప్రభుత్వం బిడ్డకు పదమూడు వేలు చొప్పున ఇచ్చింది. మీ ఇద్దరు బిడ్డలకూ వచ్చుంటుంది. ఈ లెక్కన వచ్చేసారి మీ ఓటు ఎవరు ఎక్కువిస్తే వాళ్లకేనా? అప్పుడది వేలం అవుతుంది కదా. నా భయం అదొక్కటే.

పత్తికొండ పిల్లోడు:
వకీలన్నా, ఆగండి. అమ్మలు అడుగుతున్నది డబ్బు కాదని ఇప్పుడు తెలుస్తా ఉంది. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు మా అమ్మా నాయనా సుగ్గికి పోయి నన్ను హాస్టల్లో వేసినారు. అప్పుడు తమ్ముడు చంటోడు, వాడిని వెంట తోలుకపోయినారు, బడి వయసొచ్చినాక కూడా. వాడు ఇప్పటికీ తెలుగు కూడబలుక్కొని చదువుతాడు. నేను ఇంతదూరం చదివినా. మా ఇంట్లో బండెక్కింది వాడు, నేను కాదు. ఈ సంగతి ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. అయినా నా ఐదేళ్ల గురించి అమ్మ ఒక్క మాట అడిగుంటే బాగుండేదని ఇప్పటికీ ఉంది. అది మాత్రం పోలేదు.

కోసిగి అమ్మ:
అది పోనవసరం లేదు నాయనా. అమ్మను అడుగు. నీ ముందర చెప్పలేక తలూపింది, అంతే. మేము ఇంట్లో నలుగురికీ తలూపుతాం.

వకీలన్నా, ఇద్దరికీ వచ్చింది, నిజమే. ఇచ్చినోళ్లను మంచోళ్లనే అంటా. నాది వేలం కాదు. మీరు హైకోర్టు కోసం ఎనభై ఏండ్లు ఆగినారు, ఇంకా ఆగగలరు. మా బిడ్డ ఎనిమిదేండ్లప్పుడు బడికి పోకుంటే ఆ ఏడు మళ్లీ రాదు. కోర్టు రావద్దని నేను అనలేదు. వస్తే అక్కడ గుమాస్తా పనికైనా మా బిడ్డకు చదువు ఉండాల కదా. వచ్చేసారి ఓటడగను వచ్చినోళ్లను ఒకటే అడుగుతా: దీపావళికి ముందే హాస్టల్ తెరుస్తారా, బండ్లు పోయినాక తెరుస్తారా? ఏ గుర్తయినా సరే.

నిన్న మా వీధి చివర తుఫాను బండి నిలబడింది. మూడిండ్ల వాళ్లు ఎక్కినారు. వాళ్లలో ఒకరి బిడ్డ నా బిడ్డతోనే తొమ్మిది. పుస్తకాల సంచి మా ఇంట్లో పెట్టి పోయింది, ఉగాదికి తీసుకుంటానని.