గుండ్రని కొనల తెలుగు స్టెన్సిల్ ఫాంటులో బ్రిడ్జిలు ఎక్కడ పెట్టాలి?

శీర్షికలకూ బోర్డులకూ పనికొచ్చేలా గుండ్రని కొనలున్న తెలుగు స్టెన్సిల్ ఫాంటు ఒకటి గీస్తున్నాను. దాన్ని తెర మీద వాడుకోవడంతో పాటు, రేకులో లేజరుతో కోయించి బియ్యం బస్తాల మీద రంగు కొట్టడానికి కూడా ఉపయోగించాలన్నది నా ఉద్దేశం. అక్షరం లోపలి భాగం ఊడిపోకుండా పట్టి ఉంచడానికి, గీత మధ్యలో కోయకుండా సందుగా వదిలే రేకు పట్టీల (బ్రిడ్జిల) దగ్గరే పని ఆగిపోయింది.

అచ్చు అక్షరాలు తయారుచేసే అమెరికన్ టైప్ ఫౌండర్స్ కంపెనీ కోసం గెర్రీ పావెల్ 1937లో రూపొందించిన ‘స్టెన్సిల్’ టైపును పరిశీలించాను. అందులో ఉన్నవన్నీ క్యాపిటల్ అక్షరాలే కనుక, ఇంగ్లీషు ‘ఓ’ను పైనా కిందా చీల్చినా పోలిక చెడలేదు. మనకు అంత వెసులుబాటు లేదు. ‘వ’లో ఎడమ గిన్నె (గుండ్రని భాగం) పైన సందు వదిలితే, అక్కడ సహజంగానే తెరుచుకుని ఉండే ‘ప’తో అది దూరం నుంచి కలిసిపోతోంది. ‘ఠ’, ‘థ’ల సంగతి మరీ ఇబ్బంది: లోపలి చుక్క కూడా రంధ్రమే కాబట్టి, దాని చుట్టూ మిగిలే రేకు సన్నని ఉంగరంలా మారి, బ్రష్షు తగలగానే వంగిపోతోంది. అక్కడ రెండు బ్రిడ్జిలు చాలుతాయా, లేక చుక్కను గిన్నె అంచుకు జరపడమే మేలా?

మరో సందేహం కూడా ఉంది. బ్రిడ్జి దగ్గరి కొనలను గుండ్రంగా చేస్తే సందు ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తోంది. చదరంగా వదిలితే మిగతా కొనలతో పొసగడం లేదు. ఒత్తుల్లో బ్రిడ్జి వెడల్పును గీత మందంతో పాటు తగ్గించవచ్చా, లేక రేకు బలం కోసం ప్రధానాక్షరంలో ఉన్నంతే ఉంచాలా? ఈ పని చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.