‘ఇది నా మందు’ అంటే ఏ మందు?

ఫీనిక్స్ (అరిజోనా) నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇరాక్ యుద్ధంలో పనిచేసిన ఒక అమెరికన్ మాజీ సైనికుడి ప్రసంగానికి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. పీటీఎస్‌డీతో, అంటే యుద్ధం లాంటి భయంకర అనుభవాల తర్వాత మనసును వదలని బాధతో, సతమతమయ్యే సైనికులకు గంజాయిని వైద్యానికి ఇవ్వాలని ఆయన ఏళ్లుగా పోరాడుతున్నారు. పదే పదే ‘ఇదే నా మెడిసిన్’ అంటారు. ‘ఇదే నా మందు’ అని రాశాను. మా అమ్మ చదివి, ‘అయ్యో, తాగుడు అలవాటైందా ఆ అబ్బాయికి?’ అంది. ఏం రాయమంటారు? అసలు గంజాయి అనాలా, కానబిస్ అనాలా?

తణుకు నుంచి జవాబు:
అమ్మగారి తప్పేం లేదమ్మా. మా వైపు ‘మిలటరీ మందు’ అంటే క్యాంటీన్ నుంచి వచ్చే రమ్ము సీసానే. జ్వరానికి మింగేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే, చేలో పిచికారీ చేసేదీ, తుపాకీలో కూరేదీ మందే. సైనికుడి నోట ఆ మాట ఒంటరిగా పెడితే జ్వరం మందు అందరికన్నా వెనక్కి పోతుంది. ‘మత్తుమందు’ అంటే ఇంకా చిక్కు. ఆపరేషన్‌కి ముందు డాక్టరు ఇచ్చేదీ, పోలీసులు పట్టుకునేదీ రెండూ అదే.

ఔషధం అనొచ్చు, కానీ మనిషి మాట్లాడినట్టు ఉండదు. నాకు తోచింది ఇది: ‘దీన్ని నేను మందుగా వాడతాను.’ ఆ ఒక్క ‘గా’ చేరేసరికి సీసా పక్కకు పోతుంది. మందు తాగాడు, మందు కొట్టాడు అంటాం గానీ, రమ్మును ‘మందుగా వాడాడు’ అని ఎవరూ అనరు కదా.

వరంగల్ నుంచి మరొకరు:
గంజాయి బదులు ‘విజయ’ అంటే ఎట్లుంటది? ఆయుర్వేదంలో ఆ మొక్క పేరు అదే. ‘గంజాయి వనంలో తులసి మొక్క’ అని చిన్నప్పటి నుంచి వింటున్నం. ఆ మాట చెవిన పడంగనే చూసేవాళ్లు ఆ మనిషిని తప్పు పడతరు.

తణుకు:
మాస్టారూ, మీ భయం నాకూ ఉంది. అయినా గంజాయి అనే ఉంచాలంటాను. 1970లో వచ్చిన అమెరికా చట్టం దాన్ని మొదటి షెడ్యూల్లో, అంటే వైద్యానికి పనికిరావని తేల్చిన మత్తు పదార్థాల్లో, హెరాయిన్ పక్కన పెట్టింది. చాలా రాష్ట్రాలు అనుమతిచ్చాక కూడా మాజీ సైనికుల ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్లు దాన్ని రాసివ్వలేకపోయారు. 2016లో అమెరికన్ లీజియన్ లాంటి పెద్ద మాజీ సైనికుల సంఘమే, ఆ షెడ్యూల్లోంచి తీయమని తీర్మానం చేసింది. పోరాటమంతా ఆ చెడ్డపేరు మీదే. మనం పేరు మార్చేస్తే ఆయన దేనితో తలపడుతున్నాడో చూసేవాళ్లకు తెలియదు. మొదటిసారి ‘వైద్యానికి వాడే గంజాయి’ అని పూర్తిగా రాసి, తర్వాత గంజాయి అంటే చాలు.

ఇంకో సంగతి. మన దేశంలో మత్తు పదార్థాల మీద వచ్చిన 1985 చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. వాటితో కలవని ఉత్త ఆకు ఆ నిర్వచనంలోకి రాదు, అందుకే భంగు సంగతి వేరు. ప్రసంగంలో మొత్తం మొక్క గురించి చెప్పే చోట ‘గంజాయి మొక్క’ అనండి.

హైదరాబాద్ నుంచి ఒక నర్సు:
అక్కా, మీరు పంపిన సబ్‌టైటిల్స్‌లో ట్రామాకి ‘మానసిక రోగం’ అని ఉంది. దయచేసి తీసేయండి. గ్రీకులో ట్రామా అంటే గాయమే. కాలికి గుండు తగిలిన సైనికుణ్ణి గౌరవంగా చూసే ఊరే, ‘రోగం’ అనగానే మొహం తిప్పుకుంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు, పిరికితనం అని కూడా అన్నారు. వియత్నాం నుంచి వచ్చినవాళ్లు గొంతెత్తాక, 1980లో గానీ పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కలేదు. ‘మనసుకు తగిలిన గాయం’ అనండి. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తానని ఆయన చెప్పే చోట ‘జడుసుకుంటాను’ అనండి. మా నాయనమ్మకి కూడా అర్థమవుతుంది.

ఇంకొకటి. ‘నయమవుతుంది’ అని రాశారు. ఆయన అలా అనలేదు, నిద్ర పడుతోంది అన్నారు. మీ అరిజోనాలోనే 76 మంది మాజీ సైనికులతో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. గంజాయి పీల్చినవాళ్లకూ, సారం తీసేసిన ఉత్తుత్తి గంజాయి పీల్చినవాళ్లకూ లక్షణాలు తగ్గాయి గానీ, రెంటికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ మనిషి బాధా నిజమే, ఈ ఫలితమూ నిజమే. కాబట్టి ‘ఉపశమనం’ దాటి రాయకండి. మన మాట నమ్మి ఎవరో తమ మాత్రలు మానేస్తే?

ఫీనిక్స్:
చెల్లీ, ఆ ‘నయం’ నా తప్పే. మార్చాను. మాస్టారూ, మీ సామెత చదివాక చాలాసేపు ఆలోచించాను, అయినా గంజాయినే ఉంచాను. ఇప్పుడు ఆ వాక్యాలు ఇలా ఉన్నాయి: ‘గంజాయిని నేను మందుగా వాడతాను. ఆ రాత్రి జడుసుకోకుండా పడుకుంటాను.’ అమ్మకి చూపించాను. ‘ఎన్నేళ్లయిందట నిద్రపోయి?’ అని అడిగింది.