పాత అనలాగ్ మిక్సర్: ఏడో చానల్ చిరిగినట్టు వినిపిస్తోంది, మూడో గ్రూపు రికార్డు కావడం లేదు

తిరుపతి నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. తిరుపతిలో కొర్లగుంట దగ్గర నాకు చిన్న రికార్డింగ్ గది ఉంది. చెన్నైలో మూతపడిన ఒక రికార్డింగ్ థియేటర్ నుంచి నిరుడు ఒక పాత అనలాగ్ మిక్సర్ కొని, నగరి, పుత్తూరు మీదుగా వ్యానులో తెచ్చుకున్నాను. 24 చానళ్ళు, 8 గ్రూపులు (ఎంచుకున్న చానళ్ళను కలిపి ఒకే అవుట్‌పుట్‌కు పంపే దారులు), ఒక స్టీరియో మాస్టర్. పవర్ సప్లై విడిగా ఒక పెట్టెలో ఉంటుంది. పక్కనే ప్యాచ్ బే, అంటే ఏ అవుట్‌పుట్‌ను ఏ ఇన్‌పుట్‌కు కలపాలో మార్చుకునే జాకుల పలక. ఎనిమిది గ్రూపులూ ప్యాచ్ బే మీదుగా కంప్యూటర్ ఇంటర్‌ఫేస్‌లోకి వెళతాయి.

మొదట్లో ఏ లోపమూ లేదు. ఈశాన్య రుతుపవనాల వానలకు గదిలో చెమ్మ చేరడంతో రెండు నెలలు బట్ట కప్పి ఉంచేశాను. మొన్న తీసి చూస్తే రెండు ఇబ్బందులు కనిపించాయి.

ఒకటి, ఏడో చానల్. మైకు పెట్టి మాట్లాడితే పీక్ దీపం వెలుగుతోంది. పీ.ఎఫ్.ఎల్. (ఆ ఒక్క చానల్‌నే వినిపించే బటన్) నొక్కి హెడ్‌ఫోన్‌లో వింటే మాత్రం గొంతు సన్నగా, చిరిగినట్టు వస్తోంది. గట్టిగా పాడితే ఉన్నట్టుండి తెరుచుకుని మామూలుగా వినిపిస్తుంది, మళ్ళీ పోతుంది. మైకు, కేబుల్ మార్చి చూశాను. తేడా లేదు.

రెండు, మూడో గ్రూపు. ఏ చానల్‌ను 3-4 గ్రూపులకు పంపినా కంప్యూటర్‌లో నాలుగో ట్రాక్ మాత్రమే పడుతోంది. మూడోది ఖాళీ.

మా ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరిగేటప్పుడు మధ్యాహ్నాలు హరికథ చెప్పే ఒక పెద్దాయన వచ్చే గురువారం మా గదిలో చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆయన వయసు ఎనభై దాటింది. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పుడు వీలవుతుందో తెలియదు. దయచేసి దారి చెప్పండి.

శ్రీకాళహస్తి నుంచి

గ్రూపు సంగతి ముందు చూడండి. ఈ తరహా మిక్సర్లలో గ్రూపు బటన్లు జంటలుగా ఉంటాయి. 3-4 బటన్ నొక్కితే పాన్ నాబ్ (శబ్దాన్ని ఎడమకో కుడికో పంచేది) ఎడమకు తిప్పినప్పుడు మూడో గ్రూపుకు, కుడికి తిప్పినప్పుడు నాలుగో గ్రూపుకు వెళుతుంది. పాన్ పూర్తిగా కుడి వైపు ఉండిపోయిందేమో చూశారా? నేను కొత్తలో ఇదే పొరపాటుతో ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

తిరుపతి నుంచి

చూశానండీ. పాన్ మధ్యలో పెట్టాను, పూర్తిగా ఎడమకూ తిప్పాను. మూడో గ్రూపు మీటర్ ముల్లు చక్కగా కదులుతోంది. ఆ గ్రూపును మాస్టర్‌కు పంపే బటన్ నొక్కితే స్పీకర్లలో కూడా వినిపిస్తోంది. రికార్డు మాత్రం కావడం లేదు.

చిత్తూరు నుంచి

తమ్ముడూ, ముందు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. ఈ రెండు లోపాలకూ మిక్సర్ విప్పాల్సిన పని ఉండకపోవచ్చు. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి మిక్సర్లు బాగుచేస్తున్నాను. "చానల్ పోయింది" అని నా దగ్గరకు మోసుకొచ్చిన వాటిలో చాలావాటికి చిప్పు మార్చాల్సిన అవసరమే రాలేదు.

సంకేతం నడిచే వరుస ఒకసారి కాగితం మీద రాసుకో. మైకు ప్రీయాంప్ (మైకు సంకేతాన్ని పెంచేది), ఇన్సర్ట్ (బయటి పరికరాన్ని మధ్యలో కలిపే జాక్), ఈక్యూ (స్వరం ఛాయ మార్చేది), ఫేడర్ (జరిపే వాల్యూమ్ మీట), పాన్, గ్రూపు బటన్లు, బస్ (చానళ్ళన్నీ చేరే ఉమ్మడి తీగ), బస్‌లోని సంకేతాలన్నీ కలిపే ఆంప్లిఫయర్, గ్రూపు ఫేడర్, గ్రూపు అవుట్‌పుట్, ప్యాచ్ బే, ఇంటర్‌ఫేస్. ఇన్సర్ట్ కొన్ని మిక్సర్లలో ఈక్యూ తరవాత వస్తుంది. నీ దగ్గర సర్వీసు మాన్యువల్ ఉంటే అందులో బ్లాక్ డయాగ్రమ్ చూసి సరిచేసుకో. ఎక్కడిదాకా బాగుందో, ఎక్కడి నుంచి బాగాలేదో రెండు గుర్తులు పెట్టుకుంటే ఆ మధ్య ఉన్న కాస్త దూరమే వెతకాలి.

ఏడో చానల్‌లో పీక్ దీపం వెలుగుతోందన్నావు. ఆ దీపం సంకేతాన్ని ఎక్కడి నుంచి తీసుకుంటుందో ఒక్కో మిక్సర్‌లో ఒక్కో రకం. నీ డయాగ్రమ్‌లో అది ఇన్సర్ట్‌కు ముందుంటే ప్రీయాంప్ బాగున్నట్టే. పీ.ఎఫ్.ఎల్. ఫేడర్‌కు ముందు, ఇన్సర్ట్‌కు తరవాత ఉంటుంది. అక్కడ పాడైంది. అంటే మధ్యలో మిగిలేవి ఇన్సర్ట్, ఈక్యూ. నాకు అనుమానం ఇన్సర్ట్ మీదే. గట్టిగా పాడితే తెరుచుకుంటోందన్న మాట వల్ల ఆ అనుమానం ఇంకా బలపడింది.

ఇన్సర్ట్ జాక్‌లో ఏదీ గుచ్చనప్పుడు లోపల రెండు రేకులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వెళ్ళే సంకేతం ఆ రేకుల మీదుగానే తిరిగి చానల్‌లోకి వస్తుంది. కంప్రెసర్ ప్లగ్ గుచ్చితే రేకులు విడిపోయి సంకేతం బయటికి వెళ్ళి వస్తుంది. ఏళ్ళ తరబడి ఎవరూ ఏదీ గుచ్చకపోతే ఆ రేకుల మీద పొర కడుతుంది. చెమ్మ తగిలితే మరీ త్వరగా కడుతుంది. చిన్న సంకేతం ఆ పొరను దాటలేదు. పెద్ద సంకేతం దాన్ని ఛేదించుకుని వెళుతుంది. నీ హెడ్‌ఫోన్‌లో చిరిగినట్టు వినిపిస్తున్నది అదే అయి ఉండాలి.

పరీక్ష చాలా సులభం. 6.35 మి.మీ. స్టీరియో ప్లగ్ ఒకటి తీసుకుని, లోపల టిప్ (ప్లగ్ కొన), రింగ్ (మధ్య వలయం) రెండింటినీ చిన్న తీగతో కలిపి టంకం వెయ్యి. స్లీవ్‌ను (ప్లగ్ మొదలు భాగాన్ని) ముట్టుకోవద్దు. దాన్ని ఏడో చానల్ ఇన్సర్ట్‌లో గుచ్చు. కొన్ని మిక్సర్లలో టిప్ పంపుతుంది, రింగ్ తెస్తుంది. కొన్నింట్లో తిరగబడి ఉంటుంది. రెండూ కలిపేస్తే ఆ తేడాతో పని ఉండదు. గొంతు శుభ్రంగా వస్తే దోషి జాక్ రేకులే. రాకపోతే ఈక్యూ దగ్గర చూడాలి, అప్పుడు మళ్ళీ రాయి.

ఇక గ్రూపు. మీటర్ ముల్లు కదిలి, మాస్టర్‌లో కూడా వినిపిస్తోందంటే గ్రూపు బటన్లు, బస్, కలిపే ఆంప్లిఫయర్, గ్రూపు ఫేడర్ అన్నీ బాగున్నాయి. లోపం గ్రూపు అవుట్‌పుట్ దగ్గర గానీ, ఆ తరవాత గానీ ఉంది. ఫోన్‌లో 200 హెర్ట్జ్ టోన్ పెట్టి ఒక చానల్ లైన్ ఇన్‌పుట్‌కు ఇచ్చి, మూడో గ్రూపు మీటర్ 0 దగ్గర నిలిచేలా పెంచు. గ్రూపు అవుట్‌పుట్ దగ్గర టిప్‌కు, రింగ్‌కు మధ్య మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి చూడు. మిక్సర్ మీటర్‌లో 0 అంటే +4 డీబీయూ (స్టూడియో పరికరాల మామూలు సంకేత స్థాయి) అయితే 1.23 వోల్టుల దరిదాపుల్లో రావాలి. అందరూ 1,000 హెర్ట్జ్ టోనే పెడతారు కానీ, తక్కువ ధర మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ దాటితే ఏసీ సరిగా కొలవలేవు. అందుకే 200 అన్నాను. అక్కడ వోల్టేజి ఉంటే మిక్సర్‌లో ఈ లోపం లేనట్టే, ప్యాచ్ బేకు రా.

నీ ప్యాచ్ బే హాఫ్ నార్మల్ అయితే పై వరుసలోని అవుట్‌పుట్ ఏ కార్డూ లేకుండానే కింది వరుసలోని ఇన్‌పుట్‌కు చేరుతుంది. పైన ప్లగ్ గుచ్చితే ఆ దారి తెగదు, కింద గుచ్చితేనే తెగుతుంది. ఒక ప్యాచ్ కార్డ్ తీసుకుని పై మూడో రంధ్రం నుంచి కింది మూడో రంధ్రానికి వేసి చూడు. రికార్డు అయితే ఇక్కడా ఆ రేకుల జబ్బే.

ఒక్క జాగ్రత్త. ఏ మైకు లైనైనా ప్యాచ్ బే గుండా వస్తుంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే మైకుకు వెళ్ళే కరెంటు) ఆపకుండా ప్లగ్గులు గుచ్చవద్దు. గుచ్చేటప్పుడు టిప్, రింగ్ వేరే చోట తగిలి ఆ వోల్టేజి పోకూడని చోటికి పోతుంది. రిబ్బన్ మైకు (లోపల పల్చటి లోహపు రేకు ఉండే రకం) ఉంటే అది దెబ్బతినవచ్చు.

మదనపల్లె నుంచి

బోల్టుల తుప్పు వదిలించే స్ప్రే మా ఇంట్లో ఉంది. నేను దాన్నే జాకులకూ, ఫేడర్లకూ కొడుతుంటాను. వెంటనే బాగవుతుంది.

చిత్తూరు నుంచి

అది వద్దు సార్, దయచేసి. మొదటి వారం బాగానే ఉంటుంది. తరవాత ఆ నూనె దుమ్మును పట్టుకుని జిగురుగా మారుతుంది. ఫేడర్ లోపల ఉన్న నల్లటి కార్బన్ పట్టీ మీద పడితే ఆ ఫేడర్ మళ్ళీ నున్నగా జరగడం కష్టం. అలా పాడైన ఫేడర్లు నా బల్ల మీద ఇప్పుడు కూడా ఉన్నాయి. కొత్తవి దొరకక వాటి యజమానులు పడే బాధ చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. జాకులకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, ఎలక్ట్రానిక్ కాంటాక్టుల కోసమే చేసిన క్లీనర్ గానీ వాడండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో అడిగితే దొరుకుతుంది. ఫేడర్లకు క్లీనర్ వేరు. డబ్బా మీద ఫేడర్లకు పనికొస్తుందని రాసి ఉంటేనే వాడాలి.

తిరుపతి నుంచి

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. డయాగ్రమ్‌లో పీక్ దీపం ఇన్సర్ట్‌కు ముందే ఉంది. టిప్, రింగ్ కలిపిన ప్లగ్ గుచ్చగానే ఏడో చానల్ పూర్తిగా తెరుచుకుంది! తీస్తే మళ్ళీ చిరుగుతోంది. మిక్సర్ ఆపి, ప్లగ్‌కు ఆల్కహాల్ రాసి ముప్పై సార్లు గుచ్చి తీశాను. ఇప్పుడు ప్లగ్ లేకపోయినా శుభ్రంగా ఉంది. మిగతా 23 చానళ్ళూ అలాగే తుడిచాను. పదకొండో చానల్‌కూ ఆ జబ్బు మొదలైనట్టుంది, అదీ సర్దుకుంది.

మూడో గ్రూపు అవుట్‌పుట్ దగ్గర 1.2 వోల్టులు వచ్చాయి. ప్యాచ్ కార్డ్ వేస్తే రికార్డు అవుతోంది. కార్డ్ తీస్తే లేదు. ఎంత తుడిచినా రేకు వెనక్కి రావడం లేదు.

ఇప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అన్నీ తెరిచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అడుగున సన్నగా హమ్ వినిపిస్తోంది. ఇంతకుముందు ఉందో లేదో గమనించలేదు.

చిత్తూరు నుంచి

మూడో గ్రూపుకు గురువారం దాకా ఆ ప్యాచ్ కార్డే ఉంచెయ్యి. ప్యాచ్ కార్డ్ వేసి పనిచేయడంలో తప్పేమీ లేదు, ప్యాచ్ బే ఉన్నదే అందుకు. రేకు వంగిపోయి ఉంటుంది, తరవాత ఆ జాక్ మార్చుకోవచ్చు. కార్డ్ పక్కన ఒక కాగితం ముక్క అంటించు, ఎవరూ సర్దే ఊపులో లాగేయకుండా.

హమ్ సంగతి వేరు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. హమ్ 50 అయితే ఎర్తింగ్ లూపు (పరికరాలు రెండు దారుల్లో ఎర్త్‌కు కలవడం) గానీ, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా పోయిన కేబుల్ గానీ కారణం కావచ్చు. 100 అయితే పవర్ సప్లైలో రెక్టిఫయర్ తరవాత ఉండే పెద్ద కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి నీ దగ్గర పరికరం లేకపోయినా ఫరవాలేదు, గాయకులు ఉన్నారు. ఒకటో శ్రుతికి తంబూరా మీటి, మగవారి గొంతులో మంద్ర పంచమం అందుకోమను. అది 98 హెర్ట్జ్. హమ్ దానితో దాదాపు కలిసిపోతే 100. ఇంకొక స్థాయి కింద ఉంటే 50. హమ్‌లో పై స్వరాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి అడుగున ఉన్న స్వరాన్ని వినాలి. చిన్న స్పీకర్లలో 50 తెలియదు, మంచి హెడ్‌ఫోన్‌లోనే చూడాలి.

అన్ని ఫేడర్లూ, మాస్టర్‌తో సహా, పూర్తిగా దించినా హమ్ ఉందా అన్నదీ చూసి చెప్పు.

తిరుపతి నుంచి

మా పిన్నిగారి అబ్బాయి సంగీత కళాశాలలో చదువుతున్నాడు. వాడిని కూర్చోబెట్టి వినిపించాను. మంద్ర పంచమానికి ఒక స్థాయి కింద ఉందని గట్టిగా చెప్పాడు. ఫేడర్లు దించితే హమ్ పోతోంది. కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ కేబుళ్ళు తీసేసినా పోతోంది. కంప్యూటర్ గోడకు అటు వైపు ప్లగ్‌లో ఉంది, మిక్సర్ ఇటు వైపు. కంప్యూటర్ ప్లగ్‌కు ఎర్త్ పిన్ తీసేస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. తీసేయమంటారా?

చిత్తూరు నుంచి

తీయవద్దు. ఏ కారణం చేతనూ తీయవద్దు. ఆ పిన్ మనిషి ప్రాణం కోసం ఉంది. లోపల తీగ తెగి పెట్టెకు తగిలితే ఆ 230 వోల్టులు మైకు పట్టుకున్న మనిషిలోకి వెళతాయి. నీ గదికి వచ్చేది ఎనభై ఏళ్ళు దాటిన పెద్దాయన.

కంప్యూటర్, మిక్సర్ పవర్ సప్లై, స్పీకర్లు అన్నీ ఒకే గోడ పాయింట్ నుంచి మంచి ఎర్త్ ఉన్న ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తీసుకురా. మొత్తం కలిపినా ఆ పాయింట్ మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడుగు. గ్రూపు కేబుళ్ళు స్టీరియో ప్లగ్గులతో బ్యాలెన్స్‌డ్‌గా (హమ్ పట్టుకోకుండా రెండు తీగల్లో సంకేతం పంపేలా) ఉన్నాయా, లేక ఎక్కడైనా మోనో ప్లగ్ దూరిందా అన్నదీ చూడు. మోనో ప్లగ్ ఒక్కటి ఉన్నా ఆ లైనులో హమ్ దూరుతుంది.

తిరుపతి నుంచి

ఆరో గ్రూపుకు మోనో ప్లగ్ ఉంది! మార్చాను. అన్నీ ఒకే బోర్డు మీదికి తెచ్చాను. హమ్ పోయింది. రెండు గంటలు వదలకుండా రికార్డు చేసి చూశాను, ఎనిమిది ట్రాకులూ శుభ్రంగా ఉన్నాయి. అన్నా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

చిత్తూరు నుంచి

చెప్పాల్సిందేమీ లేదు. గురువారం నేనూ తిరుపతి వస్తున్నాను, ఉదయం తొమ్మిదికల్లా నీ గదిలో ఉంటాను. ఆయన హరికథ చెబుతుంటే నాకు ఒక మూల కుర్చీ చాలు. మూడో గ్రూపుకు కొత్త జాక్ తెస్తాను, కార్యక్రమం అయ్యాకే వేద్దాం. బుధవారం రాత్రి నుంచే మిక్సర్ ఆన్ చేసి ఉంచు, ఇంకేదైనా లోపం ఉంటే తెల్లవారేసరికి బయటపడుతుంది. ఆయన మైకు మాత్రం ఏడో చానల్‌లో పెట్టవద్దు. మూడు నాలుగు రోజులు దాన్ని గమనించాలి. ఐదో చానల్‌లో పెట్టి, ఆరోదాన్ని అదే అమరికతో సిద్ధంగా ఉంచు.