పంది పిల్లలు వరసగా పోతున్నాయి, బ్యాక్టీరియాకి జీనోమ్ సీక్వెన్సింగ్ చేయిస్తే ఉపయోగం ఉంటుందా?

గుత్తి_ఫారం:
అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లా గుత్తి దగ్గర మాకు చిన్న పందుల ఫారం ఉంది, అన్నీ లార్జ్ వైట్ యార్క్‌షైర్. పాలు మాన్పించిన పిల్లలు ఒక్కొక్కటే పోతున్నాయి. పొద్దున మేత తిన్న పిల్ల సాయంత్రానికి పక్కకి పడిపోయి, మెడ వెనక్కి విరిచి, సైకిల్ తొక్కినట్టు కాళ్లు కొట్టుకుంటుంది. కొన్నిటికి అంతకుముందే కీళ్లు వాచి కుంటుతున్నాయి. మేతలో టెట్రాసైక్లిన్ కలిపినా ఆగలేదు. డాక్టరు గారు స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బ్యాక్టీరియా అయ్యుండొచ్చు, ల్యాబ్‌కి పంపుదాం అన్నారు. బెంగళూరులో చదివే మా తమ్ముడేమో సీక్వెన్సింగ్ (బ్యాక్టీరియా డీఎన్ఏ మొత్తం అక్షరం అక్షరం చదవడం) చేయిస్తే అన్నీ తెలుస్తాయంటాడు. దాంతో పిల్లలు బతుకుతాయా? ఈమధ్యే బయట తల్లి పందుల్ని కొన్నాం, రోగం వాటితోనే వచ్చిందని ఇంట్లో గొడవ, నాకు ఒకటే టెన్షన్.

ప్రొద్దుటూరు_వెట్:
అన్నా, ఇప్పుడు పిల్లల్ని కాపాడేది కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాని పెంచి చూడటం), సెన్సిటివిటీ (అది ఏ మందుకి చస్తుందో చూసే టెస్టు). సీక్వెన్సింగ్ ఆ తర్వాతి మాట. ఈ బ్యాక్టీరియాలో టెట్రాసైక్లిన్‌కి లొంగనివి చాలా ఎక్కువ, పెన్సిలిన్ జాతి మందులు మాత్రం సాధారణంగా పనిచేస్తాయి. కానీ పడిపోయిన కొద్ది గంటల్లోనే వేయాలి, రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్టరు గారితో మాట్లాడి మొదలుపెట్టు.

శాంపిల్ విషయంలో మాత్రం గట్టిగా ఉండు. మందు పడని పిల్ల చనిపోతే వెంటనే పోస్టుమార్టం చేయించి, మెదడు పొర మీద నుంచి, వాచిన కీలు లోపలి నుంచి స్వాబ్ తీయించు. ముక్కులోంచి తీస్తే లాభం లేదు, ఆరోగ్యంగా ఉన్న పందుల ముక్కులో, టాన్సిల్స్‌లో కూడా ఇది ఉంటుంది. మన ఎండలకి కళేబరం గంటల్లో కుళ్లిపోతుంది, అందుకే స్వాబ్‌ని ఐస్ ప్యాకుల మధ్య పెట్టి అదే రోజు పంపాలి. చర్మం మీద ఎర్రటి మచ్చలు, ఎక్కువ జ్వరం ఉంటే స్వైన్ ఫీవర్ టెస్టు కూడా అడుగు, అది వైరస్, కల్చర్‌లో దొరకదు.

ఇంకో మాట, గ్లవ్స్ లేకుండా ఎవరూ ముట్టుకోవద్దు, చచ్చిన పిల్లని కోసి తినడం అసలే వద్దు. 2005లో చైనాలోని సిచువాన్‌లో జబ్బు పందుల్ని కోసిన వాళ్లకి ఇదే అంటుకుని 38 మంది చనిపోయారు. మెదడువాపు నుంచి బయటపడినా చాలామందికి చెవుడు మిగిలిపోతుంది. చేతి మీద గాయం ఉన్నవాళ్లని షెడ్డులోకి రానివ్వకు.

కడప_పిగ్స్:
సీక్వెన్సింగ్‌కి డబ్బులెందుకు తమ్ముడూ, ఏ రకమో పీసీఆర్‌తో (డీఎన్ఏలో కావలసిన ముక్కని మాత్రమే వెతికే టెస్టు) తెలిసిపోతుంది. ఆ డబ్బు షెడ్డు కడగడానికి, గాలి ఆడేట్టు చేయడానికి పెట్టు. పిల్లల్ని కిక్కిరిసి ఉంచితే ఏ మందూ పనిచేయదు.

జీనోమ్_అనంత:
షెడ్డు మాట నూటికి నూరుపాళ్లు నిజం. పీసీఆర్ దగ్గరే చిన్న చిక్కుంది. ఈ బ్యాక్టీరియాని పై పొరని బట్టి సీరోటైపులనే రకాలుగా విడదీస్తారు, మనుషులకి ఎక్కువగా వచ్చేది సీరోటైపు 2. మామూలు పీసీఆర్‌లో సీరోటైపు 2కీ, 1/2 అనే ఇంకో రకానికీ తేడా తెలియదు, ఎందుకంటే వాటిని విడదీసేది సీపీఎస్‌కే అనే జీన్‌లో ఒకే ఒక్క అక్షరం. ఈ బ్యాక్టీరియా జీనోమ్ మొత్తం సుమారు 20 లక్షల అక్షరాలు, మనిషిది 300 కోట్లు, అందుకే పూర్తిగా చదవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. చదివితే మందులకి లొంగకుండా చేసే టెట్-ఓ, ఈఆర్ఎం-బీ లాంటి జీన్లు ఉన్నాయో లేదో కనబడుతుంది, టెట్రాసైక్లిన్ ఎందుకు పనిచేయలేదో అక్కడ తేలొచ్చు. అవి బ్యాక్టీరియా నుంచి బ్యాక్టీరియాకి దూకే ముక్కల మీద ఉన్నాయా అన్నది డీఎన్ఏని పొడుగు ముక్కలుగా చదివే నానోపోర్ మెషీన్‌తో బాగా తెలుస్తుంది.

మీ ఇంట్లో గొడవకి కూడా జవాబు ఇక్కడే దొరకొచ్చు. చచ్చిన పిల్ల మెదడులోని స్ట్రెయిన్ (బ్యాక్టీరియా వంశం), కొత్త తల్లి టాన్సిల్‌లోని స్ట్రెయిన్ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా కొద్ది అక్షరాలే ఉంటే దగ్గర చుట్టాలు, వేలల్లో ఉంటే వేరే వంశం. చుట్టాలైనా ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో జీనోమ్ ఒక్కటే చెప్పదు, కొన్న తేదీలు, పిల్లలు పోయిన తేదీలు రాసిపెట్టుకోండి.

గుత్తి_ఫారం:
చాలా థ్యాంక్స్ సార్, అన్నా. అయితే ముందు కల్చర్, ల్యాబ్ వాళ్లని ఆ బ్యాక్టీరియాని పారేయకుండా దాచమని అడుగుతా. టాన్సిల్ స్వాబ్ పాత తల్లులకి కూడా తీయించాలా?

ప్రొద్దుటూరు_వెట్:
తప్పకుండా. కొత్తవాటికే తీస్తే తప్పు వాటిదే అని ముందే తేల్చేసినట్టు అవుతుంది. ఒక్క టాన్సిల్‌లోనే నాలుగైదు రకాలు ఉండొచ్చు, కాబట్టి కల్చర్ ప్లేటు మీద ఒక్క కాలనీ (బ్యాక్టీరియా పెరిగిన చుక్క) తీసుకుని ఆగొద్దని ల్యాబ్‌లో చెప్పు. దాచేటప్పుడు గ్లిసరాల్‌లో వేసి మైనస్ 80లో పెట్టమను, మామూలు ఫ్రిజ్‌లో చాలాకాలం బతకదు.